అట్టల మీద లేని ముఖం

"ముందు ఆ నవ్వు ఆపు. నాలుగు వందల ఇన్సులిన్ సీసాలు పాడైతే నీకు నవ్వొస్తోందా?"

మందుల గోదాము మేనేజరు బల్ల గుద్దాడు. ఎదురుగా నిలబడ్డ అమ్మాయి ఇంకా వెడల్పుగా నవ్వింది. చూసేవాళ్లకు అది పొగరు. మనమైనా అలాగే అనుకునేవాళ్లం.

ఆమెకు ఇరవై నాలుగేళ్లు. ఆటిజం ఉంది. సీసాలకు చీటీలు అతికించే ఈ ఉద్యోగం కోసం ఆరేళ్లు తిరిగింది. నిన్న మధ్యాహ్నం నుంచి ఫ్రిజ్ ప్లగ్ ఊడి ఉంది. ఆ గదికి చివరగా తాళం వేసింది ఆమే.

కబురందుకుని వచ్చిన అక్క గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. ఆ నవ్వు తను నేర్పిందే. బట్టలు కుట్టిన చేత్తోనే పన్నెండు అట్టల మీద పన్నెండు ముఖాలు గీసి, రోజూ అద్దం ముందు కూర్చోబెట్టి నేర్పింది. నవ్వే మనిషి మనవాడు. ఎవరైనా కోప్పడితే నువ్వు నవ్వు, చల్లబడతారు అని.

"ఇలా ఎందుకు జరిగిందని గంట నుంచి అడుగుతున్నాం. తెలీదు, తెలీదు, ఒకటే పాట," అన్నాడు సూపర్‌వైజరు చెమట తుడుచుకుంటూ. "ఇలాంటివాళ్లని పెట్టుకోవద్దని మొత్తుకున్నా సార్. వింటేగా."

అక్క చెల్లెలి చేతులు చూసింది. బొటనవేళ్లు పిడికిళ్లలో దాక్కున్నాయి, కణుపులు తెల్లబడ్డాయి. చిన్నప్పటి నుంచీ దానికి భయమేస్తే అదే గుర్తు. అట్టల మీద ఆ గుర్తు ఎక్కడా లేదు.

అక్క ఎందుకని అడగలేదు. "చిట్టీ, ప్లగ్ ఎవరు తీశారు?"

"సూపర్‌వైజర్ గారు," అంది చెల్లెలు తడుముకోకుండా. "అక్కడ ఆయన ఫ్యాన్ పెట్టుకున్నారు. నన్ను చూసి నవ్వారు. మనవాడే కదక్కా."

సూపర్‌వైజరు ఇప్పుడూ నవ్వాడు. "నా మీదికి తోస్తోంది. ఆ మొహం చూడండి సార్, నిజం చెప్పే మొహమేనా అది?"

మేనేజరు మొహమే చూశాడు. పిడికిళ్లు చూడలేదు. రేపటి నుంచి రానక్కర్లేదని కాగితం మీద రాసిచ్చాడు.

"సార్ చల్లబడలేదక్కా," అంది చెల్లెలు గుమ్మం దగ్గర. "నేను సరిగ్గా నవ్వలేదా?"

అక్క ఆగింది. వెనక్కి తిరిగింది.

"ప్లగ్ పీకింది ఆయన. కానీ దీన్ని మీ ముందు దోషిలా నిలబెట్టింది నేను సార్. మన ముఖాలు చదవమని దీనికి పన్నెండేళ్లు పాఠం చెప్పాను. దీని భయం చదవమని మనలో ఒక్కరికీ చెప్పలేదు."