తాడు పట్టే మనిషి

నేలలోంచి వచ్చే తాడు చల్లగా ఉంటుంది.

పైన ఎండ మండిపోతున్నా చల్లగానే ఉంటుంది. తడి మట్టి వాసన, తుప్పు వాసన, ఎన్నాళ్ళుగానో వెలుగు చూడని నీళ్ళ వాసన... అన్నీ కలిసి అరచేతిలోకి వస్తాయి. ఆ వాసన సబ్బుకు పోదు. పోవాలని నేనెప్పుడూ గట్టిగా తోమలేదు.

మా ఆయన బోరు మోటార్లు బాగుచేస్తాడు. నేను తాడు పడతాను.

ఆయన బోరు మీద వంగి నల్లటి పైపును పైకి లాగుతాడు. పైపు చివర, ఎక్కడో చీకట్లో, మోటారు వేలాడుతుంటుంది. మోటారుకు కట్టిన తాడును నేను పక్కనున్న స్తంభానికి ఒక చుట్టు తిప్పి, ఆయన లాగినంతమేరా బిగించుకుంటూ పోతాను. ఆయన చెయ్యి జారితే మోటారు అడుక్కి పోకుండా ఆపేది ఆ తాడే.

అంటే నేనే.

ఇంట్లో ఆయన నోట్లోంచి మాట ఊడిపడదు. "ఇదిగో" అంటే టీ. "ఏదీ" అంటే చొక్కా. "ఊఁ" అంటే నిద్రపోతున్నానని.

బోరు దగ్గర మాత్రం ఒక మాట అంటాడు.

"వదలకు."

ముద్దు ముచ్చట తెలియని మనిషి. పెళ్ళయిన కొత్తలోనూ అంతే. అందుకే ఆ ఒక్క మాటనే మిగతా మాటలన్నిటికీ బదులుగా దాచుకున్నాను. అన్నం వార్చుకుంటూ, గిన్నెలు తోముకుంటూ లోలోపల అనుకుంటాను... వదలకు... వదలకు. ఎవరికైనా చెబితే, అది మోటారు కోసం అన్న మాటే పిచ్చిదానా అంటారు. ఆమాత్రం నాకూ తెలుసు.

ఆ రోజు పొద్దున్నే కరెంటు ఒక్కసారిగా ఎక్కువై బల్బులు భగ్గుమన్నాయి. మా మోటారు ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. గోడ అవతల మోటారు కూడా ఆగిపోయింది.

గోడ అవతల ఉండేది ఆయన మరదలు.

సొంత మేనమామ కూతురు. వరసైనది. చిన్నప్పుడు ఇద్దరికీ ముడిపెట్టాలని పెద్దవాళ్ళు అనుకున్నారు; తర్వాత ఎందుకో వద్దనుకున్నారు. ఆ ఎందుకో ఏమిటో నాకెవరూ చెప్పలేదు. ఆమె మొగుడు లారీ ఎక్కితే వారాల తరబడి రాడు. ఆమె పిట్టగోడ మీద గడ్డం ఆనించి పిలుస్తుంది...

"బావా!"

నేను ఏమండీ అని పిలవాలి. ఏమండీ అని ఎవరినైనా పిలవచ్చు. కరెంటు బిల్లు ఇచ్చేవాణ్ణి కూడా పిలవచ్చు.

"బావా, మా మోటారు కూడా పోయింది. ఇంట్లో చుక్క నీళ్ళు లేవు."

అప్పటికే ఆయన పానాలు సంచిలో వేసుకుంటున్నాడు.

"మరి మనది?" అన్నాను.

"సాయంత్రం చూద్దాంలే. చంటిపిల్లతో ఉంది, పాపం. పద, తాడు పడుదువుగాని."

ఆ పాపం అన్న మాట నా మీద ఏనాడూ ఖర్చుపెట్టలేదు.

"నాకు తలనొప్పిగా ఉంది," అన్నాను.

తల నిక్షేపంగా ఉంది. కడుపే మండుతోంది. నేను లేకపోతే పనెలా సాగుతుందో చూద్దామనుకున్నాను. కాసేపు బతిమాలతాడనుకున్నాను. ఆయన నా ముఖం ఒకసారి చూసి, "సరే, పడుకో," అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

పడుకోలేదు. పెరట్లో దండెం దగ్గర నిలబడ్డాను. కొత్తగా ఆరేయడానికి ఏమీ లేదు, ఉతకడానికి నీళ్ళే లేవు. ఆరిన బట్టలనే తీసి మళ్ళీ ఆరేశాను.

గోడ అవతల పైపు గీసుకుంటున్న చప్పుడు. ఆయన ఊపిరి... లాగేముందు ఒకటి, లాగాక ఒకటి. ఆ ఊపిరిని వంద మందిలోనైనా పోల్చుకుంటాను.

తాడు ఎవరు పట్టుకున్నారు?

అప్పుడు వినిపించింది.

"వదలకు."

నా మాట. గోడ అవతల.

"వదలకు... ఆఁ, అలాగే... వదలకు!"

"లేదు బావా, వదల్లేదు!" వెంటనే నవ్వు.

నా చేతులు వాటంతటవే బిగుసుకున్నాయి. చేతిలో ఉన్న ఆయన చొక్కా గుండీ ఒకటి ఊడి కింద పడింది.

అసూయే. దీనికి ఇంకో పేరెందుకు పెట్టాలి? ఆమె రంగు మీద కాదు, నవ్వు మీద కాదు, ఆ పొడుగాటి జడ మీద కూడా... సరే, జడ మీద కొంచెం. అసలు మంట ఆ మాట మీద. పంచదార అడిగింది, ఇచ్చాను. కత్తిపీట అడిగింది, ఇచ్చాను. ఈ మాట ఎవరినడిగి తీసుకుంది?

మధ్యాహ్నానికి అవతలి తొట్టిలో నీళ్ళు పడ్డాయి. కాసేపటికి బిందె చంకనెత్తుకుని తనే వచ్చింది.

"మీకింకా రాలేదుగా అక్కా. మొదటి బిందె నీకే."

చెడ్డదైనా బాగుండేది.

బిందె దించి రెండు చేతులూ నా ముందు చాపింది. "చూడు, ఎలా బొబ్బలెక్కాయో! అమ్మో, ఎలా చేస్తావక్కా ఈ పని? పైగా బావ ఒకటే గోల, వదలకు వదలకు అని. చెవులు చిల్లులు పడ్డాయి. నీ మీదా ఇలాగే అరుస్తాడా?"

"అరుస్తారు," అన్నాను. గొప్పగానే అన్నాను.

నూనె తెచ్చి రాశాను. ఎర్రగా, మెత్తగా, కొత్తగా ఉన్నాయి ఆ బొబ్బలు. నా అరచెయ్యి ఎప్పుడో కాయకాచింది. సూది గుచ్చినా తెలియదు. ఆ బొబ్బలను చూసి కూడా కుళ్ళుకున్నాను.

సాయంత్రం మా బోరు దగ్గర ఆయన వంగాడు. నేను స్తంభానికి చుట్టు తిప్పాను. నేలలోంచి తాడు వచ్చింది... చల్లగా.

ఆయన లాగాడు. నేను బిగించాను. లాగాడు... బిగించాను. ఊపిరి. ఊపిరి. ఒళ్ళంతా చెవులు చేసుకుని నిలబడ్డాను. మోటారు గట్టుకు వచ్చేసింది.

మాట రాలేదు.

కేబుల్ అతుకు కాలి బొగ్గయింది. కోసి, కొత్తగా అతికి, టేపు చుడుతున్నాడు. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"పొద్దున్న మీ మరదలితో అంత గోలగా అన్నారే... నాతో ఒక్కసారీ అనలేదేం?"

"ఏమని?"

"వదలకు అని."

పళ్ళతో టేపు తెంపుతున్నవాడు ఆగి నా వైపు చూశాడు. నిజంగానే అర్థం కాలేదు ఆయనకు.

"నీకు చెప్పాలా? చెప్పి ఎన్నేళ్ళయింది!"

ఎన్నేళ్ళయింది?

వెనక్కి వెళ్ళి వెతికాను. పోయిన నెల మేడ ఇంటి బోరు... ఊపిరి ఉంది, మాట లేదు. వానలో తడుస్తూ బడి వెనక బోరు... లేదు. ఏ బోరు దగ్గర వెతికినా ఆ మాట నా గొంతులోనే ఉంది. ఆయన ఎప్పుడో మానేశాడు. నేనే అనుకుంటూ, నేనే వింటూ వచ్చాను.

నమ్మకమే అయ్యుంటుంది. ఇంకొకతె అయితే మురిసిపోయేది. నాకు మాత్రం ఆ ఎర్రటి బొబ్బలే కళ్ళ ముందు మెదిలాయి.

మోటారును మళ్ళీ దింపుతున్నాం. ఆయన పైపు వదులుతుంటే నేను తాడు వదులుతున్నాను. గోడ అవతల ఆమె పిల్లకు స్నానం చేయిస్తోంది. నీళ్ళ చప్పుడు, పిల్ల కేరింతలు.

జానెడు తాడు జారనిచ్చాను.

కావాలనే.

బరువంతా ఆయన మీద పడింది. మోకాలు ఆనించి పైపును గట్టిగా పట్టుకున్నాడు. తల తిప్పాడు. పెదవులు విడివడ్డాయి.

అను... అను.

"తలనొప్పి ఇంకా తగ్గలేదా?" అన్నాడు.

"తగ్గింది," అన్నాను.

మళ్ళీ వంగాడు. మోటారు దిగాల్సిన లోతు ఇంకా చాలా ఉంది.

నేలలోకి వెళ్ళే తాడు చల్లగా ఉండదు. నా చేతుల వేడి పట్టుకుని వెళుతుంది. కొంచెం... ఇంకొంచెం... ఇంకో జానెడు జారనివ్వనా, వద్దా అని ఆయన వీపు వైపే చూస్తూ, చెవి అటే పెట్టి నిలబడ్డాను.