మా ఆయన ఇంటర్వ్యూ పాఠాలు

మా ఆయన ఎవరికీ ఉద్యోగం ఇవ్వలేరు. ఉద్యోగం ఇచ్చేవాళ్ల ముందు ఎలా కూర్చోవాలో మాత్రం చెబుతారు. యూనివర్సిటీలో పీజీ అయిపోయిన పిల్లలకు ఈ విద్య నేర్పడమే ఆయన పని. మెట్ల కింద ఒక గది, అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడమీద కోట్లు వేసుకుని చేతులు కలుపుకుంటున్న ఇద్దరు మనుషుల బొమ్మ. ఆ గదిలో ఆయన పదేళ్లకు పైగా కాంట్రాక్టు మీద ఉన్నారు. ఏటా కాంట్రాక్టు పొడిగిస్తారు, ఏటా మేము హమ్మయ్య అనుకుంటాం.

ఆయన పాఠాలన్నీ నాకు నోటికొచ్చు. కుర్చీకి వీపు ఆనించకూడదు. ప్రశ్న విన్నాక కాస్త ఆగి "మంచి ప్రశ్న అడిగారు" అనాలి. మీలో లోపమేమిటని అడిగితే "పనిలో పడితే తిండి కూడా గుర్తుండదండీ" అనాలి. ఈ మాట బట్టీపట్టిన పిల్లల్లో సగం మంది మా ఇంట్లో బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసినవాళ్లే. అన్నిటికన్నా పెద్ద పాఠం ఏమిటంటే, అవసరం బయటపడకూడదు. "ఆ ఉద్యోగం లేకపోతే నీకు గడవదని వాళ్లకు తెలిసిందా, ఇక అంతే సంగతులు" అంటారు.

ఈ ఏడు పొడిగింపు కాగితం రాలేదు, ప్రకటన వచ్చింది. ఆయన చేసే పనికే "యువ భవిత మార్గదర్శి" అని కొత్త పేరు పెట్టి దరఖాస్తులు పిలిచారు. అభ్యర్థి ఇటీవలే చదువు ముగించినవారై ఉండాలట, విశేషమైన అనుభవం కూడా ఉండాలట. అలాంటి మనిషిని ఎక్కడ పుట్టించాలో మాత్రం రాయలేదు. రిజిస్ట్రారు గారు మా ఆయన భుజం తట్టి "మీరూ ఒక అప్లికేషన్ పడేయండి, ఊరికే ఫార్మాలిటీకి" అన్నారట. ఈయన ఆ మాట నమ్మి ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని పేపరు చదువుకున్నారు. నేను మాత్రం లెక్కలు వేసుకున్నాను. కళ్లద్దాల దుకాణంలో నేను చేసే సగం పూట పనితో ఇల్లు గడవదు. ఆయనకు యాభై దగ్గర పడుతున్నాయి. ఈ గది పోతే ఆయనకు తలుపు తీసే ఇంకో గది లేదు.

రెండు రోజులు తిరక్కుండానే మా ఇంటికి పిల్లలు రావడం మొదలైంది. అందరూ ఆయన శిష్యులే, అందరూ ఆ పోస్టుకే దరఖాస్తు పెట్టారు. "సార్, మీరుండే ఆఫీసే కదా, కాస్త తయారు చేయండి" అని అడిగారు. "మీకు ప్రమోషన్ వచ్చిందా సార్?" అని ఒకడు అడిగితే ఈయన చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు. అవసరం బయటపడకూడదు కదా!

నేను ఆయన్ని వంటింట్లోకి పిలిచాను.

"ఏమండీ, మన నోటి దగ్గర కూడు తీసి మీరే పంచిపెడుతున్నారు. తెలుస్తోందా?"

"అడగడానికి వచ్చిన పిల్లలకు తప్పు చెప్పమంటావా?"

"తప్పు చెప్పమనలేదు. తలనొప్పిగా ఉందని పడుకోండి."

"అబద్ధం చెబితే గొంతులో తెలిసిపోతుంది. నేను నేర్పేదే అది" అని ఆయన టీ కప్పులు తీసుకుని ముందుగదిలోకి వెళ్లిపోయారు. ఇలాంటి మనిషితో వాదించడం కన్నా గోడతో మాట్లాడుకోవడం సుఖం.

వచ్చినవాళ్లలో ఒక అమ్మాయిని అందరూ డౌటమ్మ అంటారు. తలుపు తీస్తే లోపలికి రావచ్చా అని డౌటు, కూర్చోమంటే ఏ కుర్చీలో అని డౌటు. మాట్లాడేటప్పుడు తన కాలివేళ్లతోనే మాట్లాడుతుంది. ఈ పిల్ల వల్ల మనకేం ప్రమాదం లేదులే అని నేనే బిస్కెట్లు ఇంకో రెండు వేశాను. అసలు మా ఆయన సంగతి నాకు గుర్తుండాల్సింది. బాగా వచ్చే పిల్లల్ని ఒకసారి చూసి పంపేస్తారు. రాని పిల్ల దొరికితే ఇక ఆయనకు పండగే.

ఒక ఆదివారం నన్ను కూడా కుర్చీలో కూలేసి "నువ్వు బోర్డు చైర్మన్‌వి, అడుగు" అన్నారు. చేతికి పిండి అంటుకుని ఉంది. కొంగుకు తుడుచుకుని చైర్మన్‌నయ్యాను.

"ఈ ఉద్యోగం నీకెందుకమ్మా?" అన్నాను.

"నాన్నకు ఒంట్లో బాగోదు ఆంటీ. తమ్ముడు ఇంకా చదువుతున్నాడు" అంది డౌటమ్మ.

"అదే వద్దన్నది!" మా ఆయన లేచి నిలబడ్డారు. "జాలిపడి ఎవరూ ఉద్యోగం ఇవ్వరమ్మా. వాళ్లకు నువ్వెందుకో చెప్పు. తల ఎత్తు. మళ్లీ."

మళ్లీ, మళ్లీ అంటూ పొద్దుగూకేదాకా అడిగించారు. చివరికి ఆ పిల్ల తల ఎత్తి, నా కళ్లలోకి సూటిగా చూసి, మీ యూనివర్సిటీ పిల్లలకు నేనెందుకు కావాలో చెబుతానంటూ మొదలుపెట్టింది. చైర్మన్‌గా నాకు ముచ్చటేసింది. ఆయన భార్యగా ఒళ్లు మండింది.

ఇంటర్వ్యూ రోజు నేను సెలవు పెట్టి ఆయనతో వెళ్లాను. వరండాలో బెంచీల మీద పిల్లలంతా ఒకే అచ్చులో పోసినట్టు కూర్చున్నారు. ఎవరి వీపూ గోడకు ఆనలేదు, ఫైళ్లన్నీ ఎడమ మోకాలి మీదే ఉన్నాయి. మా ఆయన్ని చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. బోర్డులో ఆయన కూడా ఉన్నారనుకున్నారు పాపం.

"సార్, జీతం సంగతి వాళ్లే ఎత్తితే?" అన్నాడొకడు. ఈయన చెప్పారు. "సార్, టై కాస్త చూడండి" అన్నాడింకొకడు. ఈయన సరిచేశారు. నేను మోచేత్తో పొడిచాను, పట్టించుకోలేదు.

ఒక్కొక్కరే లోపలికి వెళ్లి వస్తున్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ముందు "మంచి ప్రశ్న అడిగారు" అని వినబడేది, ఆ వెనకే బోర్డువాళ్ల ఆవలింతలు. ఇంతలో అటెండరు బయటికొచ్చి "తర్వాత మీరే సార్. రమ్మంటున్నారు" అన్నాడు మా ఆయనతో.

బెంచీల మీద పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మా ఆయన చొక్కా సర్దుకుని, ఎవరి వంకా చూడకుండా లోపలికి వెళ్లారు. డౌటమ్మ నా వైపు తిరిగింది.

"ఆంటీ, సార్ కూడానా?"

"అవునమ్మా. ఆ పని పోతే ఆయనకు ఇంకోటి లేదు" అన్నాను. దాచి ఏం లాభం? ఆ పిల్ల ముఖం కందిపోయింది. లేచి వెళ్లిపోతుందేమో అనుకున్నాను. వెళ్లిపోతే బాగుండు అని కూడా అనుకున్నాను. దేవుడు నన్ను క్షమించాలి.

ఆయన తొందరగానే బయటికొచ్చారు. నేను నోరు తెరిచేలోపే డౌటమ్మ, అలవాటు ఎక్కడికి పోతుంది, అడిగేసింది.

"ఏమడిగారు సార్?"

ఆయనా అంతే. అలవాటుగా చెప్పేశారు. "నేను ఏది మొదలుపెట్టినా, బయటినుంచి వచ్చిన ఆ చైర్మన్ నవ్వేశాడమ్మా. పొద్దున్నుంచీ అందరూ ఇదే చెబుతున్నారు, వీళ్లకు ఎవరో నేర్పినట్టున్నాడు, మీరు కూడా అతని దగ్గరే నేర్చుకున్నారా అన్నాడు. నేనే ఆ అతన్ని అని చెప్పలేకపోయాను. ఈ ఉద్యోగం ఎందుకని అడిగితే, ఇది తప్ప నాకేదీ రాదన్నాను. అలా అనకూడదు. నువ్వు అనకు. విను, బట్టీపట్టినవన్నీ వదిలెయ్. మొన్న మా ఇంట్లో పొద్దుగూకాక చెప్పావే, మీ పిల్లలకు నేనెందుకు కావాలో అని, అది ఒక్కటే చెప్పు. తల ఎత్తి చెప్పు."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, తల ఎత్తి లోపలికి వెళ్లింది. చాలాసేపు బయటికి రాలేదు. తలుపు సందులోంచి ఈసారి ఆవలింతలు వినబడలేదు. మా ఆయన చెవి రిక్కించి వింటూ "బాగా చెబుతోంది" అన్నారు. ఆయన మొహాన సంతోషం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఉద్యోగం డౌటమ్మకే వచ్చింది. ఆయన గదిలోని సామాను ఒక అట్టపెట్టెలో పట్టింది.

ఆ పిల్ల చేరిన వారానికి ఫోన్ చేసింది. నేను స్పీకర్ నొక్కాను. ఏడుస్తుందేమో, క్షమించమంటుందేమో అనుకున్నాను. గొంతు ఎక్కడా వణకలేదు. నిదానంగా, ఆగి ఆగి, ఆయన నేర్పినట్టే మాట్లాడింది.

"సార్, మీ గురించే ఆలోచిస్తున్నాను. ఒకటి రెండు కంపెనీలవాళ్లు ఆఫీసుకు వస్తున్నారు. మీ బయోడేటా పంపండి. నేను చూసి, మార్పులు ఏమైనా ఉంటే చెబుతాను."

మా ఆయన కుర్చీలో కాస్త ముందుకు జరిగి కూర్చున్నారు.

"అలాగే మేడం" అన్నారు.

అవతల ఆ పిల్ల "అయ్యో, అదేంటి సార్" అంటుందని చూశాను.

"సాయంత్రంలోగా పంపండి" అంది.