నాగరాణి చూసిన పట్నం

నాగరాణి కాలు ఇంట్లో నిలవడం మానేసి ఆరు నెలలయింది. ఆ మాటకొస్తే ఆడవాళ్లకు బస్సు ఉచితం అయినప్పటి నుంచీ జహీరాబాద్‌లో చాలామంది కాళ్లు నిలవడం లేదు. ఒకామె పుట్టింటికంటుంది, ఒకామె దవాఖానకంటుంది, ఇంకొకామె ఊరికే సంగారెడ్డి దాకా పోయి టీ తాగి వస్తుంది. నాగరాణి మాత్రం పట్నం చూడడానికి పోయేది. అల్లం కడిగే పని లేని రోజు వచ్చిందంటే చాలు, తెల్లారకముందే లేచి నాలుగు జొన్నరొట్టెలు కాల్చి, ఎల్లిపాయ కారంతో డబ్బాలో సర్దుకుని, ఆధార్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవరు చేతిలో పట్టుకుని బస్టాండుకు నడిచేది.

సాయంత్రం తిరిగొచ్చాక భర్త యాకోబు ఒకే ప్రశ్న అడిగేవాడు.

"ఏం జూసొచ్చినవ్?"

"చార్మినార్ జూసిన. టాంక్‌బండ్ జూసిన. గోల్కొండ జూసిన."

"మంచిది" అనేవాడు యాకోబు. ఆయన ట్రాక్టర్ ట్రాలీలు వెల్డింగ్ చేసే షెడ్డులో పనిచేస్తాడు. రోజంతా నిప్పురవ్వల ముందు కూర్చునే మనిషి, ఇంటికొచ్చాక పెద్దగా మాట్లాడడు. డబ్బా మూత తీసి, మిగిలిన రెండు రొట్టెలు తీసుకుని తినేవాడు. ప్రతిసారీ రెండే మిగిలేవి. ఒక్క మనిషి తినడానికి నాలుగు రొట్టెలు ఎందుకు పట్టుకెళ్తున్నావని ఆయన ఏనాడూ అడగలేదు.

దాచి నాకేం లాభం, అసలు సంగతి చెప్పేస్తాను. నాగరాణి చూడబోయేది చార్మినార్‌నూ కాదు, గోల్కొండనూ కాదు. కూతురు రమ్యను. రమ్య పట్నంలో సిటీ బస్సు కండక్టరు. ఏ బస్సో, ఏ డిపోనో తల్లికి తెలియదు. తండ్రికి తెలుసు. అడిగితే చెప్తాడు. ఆ ఒక్క మాట అడగలేక ఈ మహాతల్లి పట్నంలో ఉన్న బస్సులన్నీ ఎక్కి దిగుతోంది.

అడగలేకపోవడానికీ కారణం ఉంది. అల్లం కడిగి కడిగి నాగరాణి వేళ్లు ఎప్పుడూ మండుతూనే ఉంటాయి. ఎండలో, బురద నీళ్లలో ఇరవై ఏళ్లు వంగి పనిచేసిన మనిషి. కూతురు ఫ్యాను కింద కుర్చీలో కూర్చునే నౌకరి చేయాలని ఒక్కటే ఆశ. రమ్య డిగ్రీ అయ్యాక ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మ పని మాట్లాడి పెట్టింది కూడా. ఆ పిల్లేమో తల్లికి చెప్పకుండా కండక్టరు పనికి దరఖాస్తు పెట్టింది. పని వచ్చిందని కాగితం చూపించిన రోజు ఇంట్లో పెద్ద గొడవయింది.

"బస్సుల పొద్దంత నిలవడి, మొగోళ్ల నడుమ టికెట్లు గొట్టుడా? దానికా నిన్ను సదివిచ్చింది? ఆ ఖాకీ ఏసుకొని నా గడప తొక్కకు. నీ పేరు గుడ నా నోట రాదు" అంది నాగరాణి.

"సరే" అంది రమ్య. ఆ ఒక్క మాటే అని బ్యాగు సర్దుకుంది. మొండితనం ఎవరి దగ్గర నేర్చుకుందో వేరే చెప్పాలా.

నాగరాణి అంతటితో ఊరుకోలేదు. ఈ ఇంట్లో దాని ముచ్చట తీస్తే బాగుండదని భర్తకు కూడా ఒట్టు పెట్టింది. ఆ పెద్దమనిషి ఒట్టు తప్పలేదు. కూతురితో ఫోను మాట్లాడాలంటే గేటు బయటకు పోయి, వేపచెట్టు కింద నిలబడి మాట్లాడేవాడు. నాగరాణి గిన్నెలు తోమడం ఆపి చెవులు రిక్కించేది. "తిన్నవా బిడ్డా" అన్నది వినబడేది. మిగిలింది లారీల చప్పుడులో కొట్టుకుపోయేది. హైవే పక్కన ఇల్లు కట్టుకున్నందుకు ఆమె తనను తాను తిట్టుకునేది. పదకొండు నెలలు అలా గడిచాయి.

ఒకసారి పక్కింటి బాలమణి తానూ వస్తానని వెంటబడింది. వద్దంటే అనుమానం వస్తుందని తీసుకెళ్లింది నాగరాణి. ఆ రోజు ఇద్దరూ తొమ్మిది బస్సులు ఎక్కారు. నాగరాణి ఎక్కగానే కిటికీ వైపు కాదు, కండక్టరు ముఖం వైపు చూసేది. మగ కండక్టరైతే వచ్చే స్టాపులోనే దిగిపోయేది. బాలమణి కాళ్లు వాచిపోయాయి.

"ఏందక్కా గిది, చార్మినార్ పక్కపొంటి పోతున్నం గాని దిగవైతివి. నాలుగు గాజులన్న తీసుకుందమనుకుంటి" అంది బాలమణి.

"బస్సులకెళ్లి కనవడ్తలేదా? దిగి దాన్ని నాకాల్నా" అని కసిరింది నాగరాణి.

బాలమణి ఆ తర్వాత మళ్లీ వస్తాననలేదు. కానీ వాడలో అందరికీ చెప్పింది, నాగరాణికి జర తిక్క లేచిందని. నాగరాణికి ఆ మాట చెవిన పడింది. కోపం రాలేదు. తిక్క అనుకుంటే మేలే, అసలు సంగతి తెలిస్తే ఇంకేమన్నా ఉందా అనుకుంది.

ఒక గురువారం సాయంత్రం యాకోబు గేటు బయట ఫోను మాట్లాడుతుంటే అనుకోకుండా లారీల రాక ఆగింది. రెండు ముక్కలు స్పష్టంగా వినబడ్డాయి. ఒకటి, "కోఠి బస్సేనా ఇంక?" రెండోది, "ఒకటో తారీకు నుంచి కరీంనగర్ దిక్కు ఏస్తున్నరా?"

ఆ తర్వాత నాగరాణికి అన్నం సహించలేదు. ఆ నెలకు ఇక మూడు రోజులే ఉన్నాయి. పట్నమంటే ఎలాగో తిరిగింది, కరీంనగర్ ఎక్కడని వెతుకుతుంది? పోనీ యాకోబును అడుగుదామా అని నోటిదాకా వచ్చింది. ఆయన అన్నం తింటూ ఆమె ముఖంలోకి చూశాడు, అడుగు అన్నట్టే చూశాడు. ఆమె మజ్జిగ పోసి లేచిపోయింది.

శుక్రవారం పొద్దున చీకట్లోనే లేచింది. రొట్టెలు రెండు మాడాయి, మళ్లీ కాల్చింది. షెల్ఫులో బైబిలు పక్కనున్న ప్లాస్టిక్ కవరు చటుక్కున లాక్కుని బయటపడింది. అక్కడే జరిగింది పొరపాటు. ముందురోజు రేషన్ కార్డు పని మీద యాకోబు ఇద్దరి ఆధార్ కార్డులూ తీసుకెళ్లి, తెచ్చి ఒకదాని కవర్లో ఇంకొకటి పెట్టాడు. జహీరాబాద్ కండక్టర్లకు నాగరాణి ముఖం పాతదే. చెయ్యెత్తి కవరు చూపిస్తే పైసలు లేని జీరో టికెట్ కొట్టి ఇచ్చేశారు. పట్నంలోనూ అంతే, ఆ తొక్కిసలాటలో కార్డు రంగు చూస్తారు గానీ అందులో ముఖం ఎవరు చూస్తారు.

పటాన్‌చెరులో దిగి కోఠి పోయే బస్సులు పట్టుకుంది. మొదటి బస్సులో మగ కండక్టరు. దిగింది. రెండోదాంట్లో ఆడమనిషే, కానీ నడివయసు ఆమె. దిగింది. మూడోది నిండిపోయి ఆగకుండానే పోయింది. అందులోనే రమ్య ఉందేమోనని బస్సు వెనక నాలుగడుగులు పరుగెత్తింది కూడా. ఎండ నెత్తిమీదికొచ్చింది. తిరుగు బస్సు లెక్క చూసుకుంటే ఇంకో రెండు గంటలే ఉంది. నోరు ఎండిపోతోంది గానీ నీళ్లు తాగడానికి పక్కకు పోతే బస్సు తప్పిపోతుందని కదల్లేదు.

తర్వాత వచ్చిన బస్సు వెనక తలుపులోంచి ఎలాగో లోపలికి దూరింది. ముందు నుంచి గొంతు వినబడింది.

"లేడీస్ ఆధార్ చేతిల పట్టుకోండ్రి. జర ముందుకు జరుగుండ్రి అమ్మా."

గొంతు బొంగురుపోయింది. అయినా తల్లికి తెలియదా. నాగరాణి పై కమ్మీ గట్టిగా పట్టుకుంది. ఏమనాలో ఆరు నెలలుగా బస్సు బస్సుకూ అనుకుంటూనే ఉంది. గోల్కొండ చూద్దామని వచ్చిన, నువ్వున్నట్టు నాకేం తెలుసు అనాలి. తలెత్తి అనాలి. ఇప్పుడు చూస్తే నోట్లో ఒక్క మాటా మిగల్లేదు.

చుడీదార్ మీద ఖాకీ చొక్కా తొడుక్కుని రమ్య మనుషుల మధ్య నుంచి ఒరుసుకుంటూ వస్తోంది. చిక్కిపోయింది. చూపు చేతిలోని మిషను మీదే ఉంది.

"యాడికి?"

రమ్య తలెత్తింది. మిషను మీద బొటనవేలు ఉన్నచోటే ఆగిపోయింది. ముందు తేరుకున్నది రమ్యే.

"ఆధార్" అంది, అందరినీ అడిగినట్టే.

నాగరాణికి చుర్రుమంది. కన్నతల్లిని పట్టుకుని ఆధార్ అడుగుతుందా ఇది. విసురుగా కవరు చేతిలో పెట్టింది. రమ్య అందరిలా పైపైన చూసే రకం కాదు. తిప్పి చూసింది, దగ్గరగా పెట్టుకుని చూసింది. ఆమె కళ్లు ఒక్కసారిగా తడిసిపోయాయి.

"ఇది నాయినది" అంది మెల్లగా.

నాగరాణి లాక్కుని చూసింది. కార్డులో యాకోబు, గడ్డం గీసుకోని ముఖంతో ఆమెనే చూస్తున్నాడు. అంత దూరం నుంచి, అన్ని బస్సుల్లోనూ మొగుడి ముఖం చూపించుకుంటూ వచ్చిందన్నమాట. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

"పెద్ద మనిషి పాపం, కొట్టమ్మా జీరో. ఎవరు జూస్తరు" అన్నాడు పక్కన నిలబడ్డ ఒకాయన.

రమ్య తల్లి ముఖం చూసింది, చెమటకు అంటుకున్న వెంట్రుకలు చూసింది. బొటనవేలు మిషను మీద కదిలింది.

"ఆగు" అంది నాగరాణి. "కొట్టకు."

"ఏం గాదు లే అమ్మా."

"అవుతది. మొగోని కార్డు మీద ఆడమనిషికి జీరో కొడితె, చెకింగోళ్లెక్కితె నీ నౌకరి ఏమైతది? రేపు పొద్దున ఎవరిస్తరు నీకు మళ్ల? నా మూలంగ నీకు మాట రావద్దు. పైసలు తీసుకో, టికెట్ గొట్టు."

అని చీరకొంగు ముడి విప్పింది. ఆ మాటలు తన నోటినుంచే వచ్చాయా అని ఆమెకే వింతగా ఉంది. పదకొండు నెలల కింద అదేం నౌకరి అని దుమ్మెత్తిపోసిన మనిషి, ఇప్పుడు ఆ నౌకరి ఎక్కడ పోతుందోనని వణికిపోతోంది. వేళ్లు ముడిలో చిక్కుకుని ఎంతకీ రాలేదు. చివరికి మడతలు పడ్డ ఐదు వందల నోటు తీసి చాపింది.

"చిల్లర ఇయ్యుండ్రి" అంది రమ్య అలవాటు కొద్దీ. అని, తానే నాలుక కరుచుకుంది. నాగరాణికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పక్కాయన ఏమీ అర్థంకాక ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"యాడికి కొట్టాలె?" అంది రమ్య ముక్కు తుడుచుకుంటూ.

"నీ బస్సు యాడ ఆగితె ఆడికే."

కోఠిలో బస్సు ఖాళీ అయింది. మళ్లీ బయల్దేరడానికి పావుగంట ఉందని డ్రైవరు టీకి పోయాడు. నాగరాణి డబ్బా తెరిచింది. రమ్య నిలబడే రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది.

"కూసోని తినవే. గా తలుపు కాడ కండక్టర్ సీటున్నది గద."

"సీటుంటది. కూసునుడే దొరకది" అంది రమ్య. అయినా కూర్చుంది. మూడు రొట్టెలు తిన్నది. తల్లి ముట్టిన ఒక్క రొట్టెలోనూ సగం లాక్కుంది. నాగరాణి కూతురి కాళ్ల వైపు చూస్తూ కూర్చుంది. చెప్పుల పట్టీలు మడమల దగ్గర పుండ్లు చేశాయి. తన వేళ్లకు అల్లం ఎలాగో ఈ పిల్లకు ఈ నిలబడడం అలాగే. ఇంట్లో కూర్చుని తిట్టుకున్న పదకొండు నెలల్లో ఈ కాళ్ల ధ్యాస ఒక్కసారీ రాలేదే అనుకుంది.

"కొబ్బరినూనె పెడ్తలేవా?"

"మర్చిపోత."

"ఒకటో తారీకుకు ముందుగాల ఒక్కపారి ఇంటికి రా."

రమ్య రొట్టె నములుతూ ఆగింది. "ఖాకీతోని వస్త మరి."

"ఖాకీతోనే రా. బస్టాండ్ల దిగి ఇంటిదాంక నడుసుకుంట రా. బాలమణి వాకిట్లకెళ్లి రా."

డ్రైవరు హారన్ కొట్టాడు. రమ్య లేచి బ్యాగు భుజానికి తగిలించుకుంది. అంతలోనే మనుషులు ఎక్కడం మొదలుపెట్టారు, ఆ పిల్ల గొంతు మళ్లీ పైకి లేచింది.

జహీరాబాద్ దాకా నాగరాణి టికెట్ కొనుక్కునే వచ్చింది. కవరు చూపిస్తే చాలు, ఎవరూ అడగరని తెలిసినా కొన్నది. ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతోంది. బాలమణి గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. యాకోబు అరుగు మీద ఉన్నాడు. నాగరాణి కవరు తీసి ఆయన ఒళ్లో పడేసింది.

"నీ మొకం నీ దగ్గర్నే పెట్టుకో. పొద్దంత నిన్నే అందరికి జూపిచ్చిన."

యాకోబు కార్డు చూసి నాలుక కరుచుకున్నాడు. అలవాటుగా డబ్బా మూత తీశాడు. లోపల కారం మరకలు తప్ప ఏమీ లేవు. ఆయన డబ్బాలోకి ఇంకోసారి చూసి మూత పెట్టాడు.

"ఏం జూసొచ్చినవ్?" అన్నాడు.

నాగరాణి చెప్పులు విడిచింది. గడప మీద కూర్చుని, పక్కింటికి కూడా వినబడేలా చెప్పింది.

"రమ్యను జూసిన."