చివరి వారం కవర్లు

మా పనిలో ఎక్కడా రాసిపెట్టని రూలు ఒకటుంది. ఏడాది చివరి వారంలో వ్యాన్ మీద ఎవడుంటే, ఇళ్లవాళ్లు ఇచ్చే ఇనాం డబ్బుల కవర్లు వాడివి.

ఏడాది పొడుగునా కుక్కల మేత బస్తాలూ, కసరత్తు చేసే ఇనప గుండ్లూ నాలుగంతస్తులు మోసినవాడు ఒకడు. ఆ వారం జ్వరమొచ్చి వాడు మంచమెక్కితే, బదులు వచ్చినవాడి చేతిలో పెడతారు కవరు. కవరు మీద పేరుండదు. "డెలివరీ అబ్బాయికి" అని ఉంటుంది. నాకు యాభై ఏడు. మోకాళ్లు రెండూ అరిగాయి. ఆ కవరు మీద మాత్రం ఇంకా అబ్బాయినే.

పోయిన ఏడాది ఆ వారం నేను వ్యాన్ ఎక్కలేదు. నా భార్య ఆస్పత్రిలో ఉంది. నా రూటు బావమరిదికి అప్పగించాను. ఆమెకు సొంత తమ్ముడు. డిపోలో వాణ్ణి పెట్టించింది నేనే. బరువు నడుం మీద పడకుండా ఎలా ఎత్తాలో, కుక్క ఉన్న ఇంటి గేటు ఎలా తియ్యాలో నేర్పిందీ నేనే. కవర్లు తెచ్చి అక్క చేతిలో పెడతానన్నాడు. పెట్టలేదు. ఆమె పోయిన వారానికి అడిగితే, ఎటో చూస్తూ, "మెట్లెక్కింది నేను బావా" అన్నాడు.

అంతే. ఏడాదిగా మాటల్లేవు. ఒకే షెడ్డులో పక్కపక్కన వ్యాన్లు నిలిపి, ఒకే బెల్టు మీంచి పార్సిళ్లు తీసుకుంటాం. వాడి వైపు చూడను.

ఈ ఏడాది అదే వారం, మొదటి రోజు పొద్దున, సూపర్‌వైజర్ నా దగ్గరికి వచ్చాడు. చేతిలో కాఫీ, మొహాన నవ్వు. ఎవరికైనా పని అంటగట్టేటప్పుడే ఆ నవ్వు బయటికి తీస్తాడు.

"పెద్దాయనా, మీ బామ్మర్దికి నాలుగు రోజులు సెలవు కావాలంట. వాళ్లావిడకి రేపు ఆపరేషన్."

"ఇవ్వండి."

"ఇస్తాను. మరి రూటు ఎవరు చూస్తారు? ఆ సందులన్నీ తెలిసింది మీకే. పొద్దున మీది, మధ్యాహ్నం అతనిది. మీరు ఊఁ అంటే సెలవు. లేదంటే లేదు."

"లేదు."

"కొంచెం ఆలోచించి..."

"ఆలోచించే చెప్పాను."

వాడు తన వ్యాన్ వెనక నిలబడి వింటున్నాడు. ముందుకొచ్చాడు. ఏడాది తర్వాత నా ముందు నోరు తెరిచాడు.

"బావా, ఆ కవర్లు కూడా నువ్వే ఉంచుకో. నాకొక్కటీ వద్దు. రేపు తన పక్కన ఉండటానికి ఎవరూ లేరు."

"ఇంత జరుగుతున్నా కవర్ల మీదే ఉందన్నమాట ధ్యాస."

"తిట్టు. ఎంతైనా తిట్టు. సెలవు మాత్రం రానివ్వు."

"పోయి మెట్లెక్కరా. బాగా అచ్చొచ్చాయిగా నీకు."

వెనక ఇద్దరు డ్రైవర్లు నవ్వారు. వాడు తల దించుకున్నాడు. నేను వ్యాన్ తలుపు లాగి వేసి బయల్దేరాను. సంతోషంగానే ఉంది. ఏడాదిగా నాలుక కింద పెట్టుకున్న మాట, తగలాల్సిన చోట తగిలింది.

ఆ రోజు నాకు కవర్లు బాగానే వచ్చాయి. తలుపు సందులోంచి చెయ్యి మాత్రమే చాపేవాళ్లు, కవరు ఇస్తూ ఫోటో తీయించుకునేవాళ్లు, గడువు దాటిన బిస్కెట్ల డబ్బా ఇచ్చి, ఇంట్లో పిల్లలకు పెట్టమనేవాళ్లు. అందర్నీ ఎరుగుదును.

మూడో అంతస్తులో స్వెటర్లు అల్లే ముసలావిడ ఉంటుంది. నెలకో ఊలు పార్సిల్ వచ్చేది ఆవిడకు. పోయిన ఏడాది ఒకరోజు సంతకం పెడుతూ, "ఏం నాయనా, మొహం అలా ఉంది?" అని అడిగితే నోరు జారి చెప్పాను. మందులకు నా భార్య జుట్టంతా ఊడిపోయిందని, తల చల్లగా ఉందని రాత్రంతా నిద్రపోవడం లేదని. రూటు మొత్తం మీద ఆవిడ ఒక్కదానికే చెప్పాను.

ఏడాదిగా కూతురి దగ్గరుండి పోయిన వారమే తిరిగొచ్చింది. ఈసారి కవరు ఇస్తూ, "టోపీ సరిపోయిందా మీ ఆవిడకి?" అంది.

"ఏ టోపీ అమ్మా?"

"అదే నాయనా, నీలం టోపీ. కొలత తెలీక ఉజ్జాయింపుగా అల్లాను. నీ బదులు వచ్చినతనికి ఇచ్చాను కదా. మీ ఆవిడకి తమ్ముడంటగా. ఇప్పుడే ఆస్పత్రి మీదుగా వెళ్లి ఇచ్చేస్తానన్నాడు. చెప్పలేదా నీకు?"

"సరిపోయిందమ్మా."

"ఇప్పుడెలా ఉంది తనకి?"

"బాగుంది."

ఆవిడ తలుపు వేసుకుంది.

నీలం టోపీ నాకు తెలుసు. ఆ సాయంత్రం ఆస్పత్రికి తిరిగి వచ్చేసరికి నా భార్య తల మీద అది ఉంది. ఆమె పోయి అప్పటికి పావుగంట. వాడు గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు. ఆస్పత్రివాళ్లు కబురు పెడితే వచ్చాడనుకున్నాను. టోపీ ఏ నర్సో పెట్టి ఉంటుందనుకున్నాను. అడగలేదు.

తిరిగి వచ్చేసరికి అన్నాను. ఎక్కణ్ణించో కూడా చెప్పాలి. డిపో నుంచి. ఆ మధ్యాహ్నం డ్రైవర్ ఒకడు ఫోన్ చేసి, "నీ బామ్మర్ది జేబులు పొర్లిపోతున్నాయి, చూసుకో" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. నేను ఆమె మంచం పక్క కుర్చీలోంచి లేచాను. "ఇప్పుడే వస్తా" అని చెప్పి, పోయి డిపో గేటు దగ్గర నిలబడ్డాను. వాడు వ్యాన్ దిగగానే అందరి ముందూ జేబులు తీయించాలని. గంటన్నర నిలబడ్డాను. వ్యాన్ రాలేదు. కవర్లతో అటు నుంచి అటే ఇంటికి పోయాడనుకున్నాను.

ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

డిపోకు చేరేసరికి వాడు ఖాళీ వ్యాన్ ఊడుస్తున్నాడు.

"మీ అక్కకి టోపీ పెట్టింది నువ్వా?"

చీపురు ఆగింది. "ఊఁ."

"ఏమన్నా అందా?"

"వెచ్చగా ఉందిరా అంది. తర్వాత నువ్వెక్కడని అడిగింది."

"ఏం చెప్పావు?"

"మందుల షాపులో లైన్లో ఉన్నావన్నాను."

"నేనెక్కడున్నానో నీకు తెలుసా?"

"సూపర్‌వైజర్ ఫోన్ చేశాడుగా. మీ బావ గేటు దగ్గర కాపు కాస్తున్నాడు, జాగ్రత్తా అని నవ్వాడు."

"మరి నాకెందుకు చెయ్యలేదురా ఫోను?"

"నాలుగుసార్లు చేశాను బావా. నువ్వు ఎత్తలేదు."

ఎత్తలేదు. వాడి పేరు చూసి, సాకులు చెప్పడానికి చేస్తున్నాడని కట్ చేశాను. నాలుగుసార్లూ చేతులారా కట్ చేశాను.

"కవర్లు ఎందుకు ఉంచుకున్నావు?"

వాడు చీపురు కింద పెట్టాడు. "ఒళ్లు మండింది. వాటి కోసం నువ్వు అక్క పక్కనించి లేచి వచ్చావు. అవి నీ చేతికివ్వబుద్ధి కాలేదు."

"ఏం చేశావు?"

"పారేశానని చెబుదామని ఉంది. కానీ ఖర్చు పెట్టుకున్నాను."

నేను సూపర్‌వైజర్ గదికి వెళ్లి, రేపటి నుంచి వాడి రూటు నాదని చెప్పాను. ఆ నవ్వు మళ్లీ బయటికి వచ్చింది. "ఎంతైనా అయినవాళ్లు కదా" అన్నాడు.

"ఆ మాట మీరు అనకండి" అన్నాను.

నాలుగు రోజులు రెండు రూట్లూ తిరిగాను. వాడి రూటులో లిఫ్టున్న ఇళ్లు రెండే. మోకాళ్లకు గుడ్డ చుట్టుకుని ఎక్కాను. వాడి కవర్లు వేరే సంచిలో వేశాను. ఒక్కటీ విప్పలేదు, లెక్కపెట్టలేదు. నాలుగో రోజు సాయంత్రం అన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది, టేపు వేసి, పైన వాడి ఇంటి నంబరు రాశాను. వాళ్లావిడను ఆ మధ్యాహ్నమే ఇంటికి తెచ్చారని డిపోలో అనుకుంటుంటే విన్నాను.

వాడిల్లు రెండో అంతస్తు. పెళ్లయిన కొత్తలో వాళ్లకు మంచం మోసుకొచ్చింది నేనే. ఆ మెట్లన్నీ తెలిసినవే.

నేను వాణ్ణి క్షమించలేదు. వాళ్లక్క చివరి మాటలు ఏడాది పాటు నాకు చెప్పకుండా దాచుకున్నాడు. దానివల్ల ఏడాదంతా వాణ్ణొక్కణ్ణే తిట్టుకుంటూ తేలిగ్గా బతికాను. ఇప్పుడు తిట్టాల్సినవాళ్లు ఇద్దరు. అందులో ఒకడితో ఒకే ఇంట్లో ఉండాలి.

పెట్టె గుమ్మం ముందు పెట్టాను. అలవాటు కొద్దీ ఫోటో తీశాను. బెల్లు కొట్టి వెనుదిరిగాను.

మొదటి మలుపు దిగేసరికి పైన తలుపు తీసిన చప్పుడైంది. తర్వాత, "బావా" అని పిలిచాడు. గొంతు పెద్దది చెయ్యకుండా, లోపల ఎవరో పడుకుని ఉన్నప్పుడు పిలిచినట్టు.

బెల్లు కొట్టాక గుమ్మం దగ్గర ఆగకూడదని మాకు రూలు. అది మాత్రం డిపో గోడ మీద రాసి ఉంది.

రైలింగ్ పట్టుకుని దిగిపోయాను.