చదువుకున్న బొగ్గు

తెనాలిలో లాండ్రీ నడిపే గంగాధర్‌కి అన్నీ గబగబా అయిపోవాలి. నోట్లో ముద్ద నమలకముందే చెయ్యి కడిగేసే రకం. ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినడమంటే ఒంటికి పడదు.

అలాంటి మనిషికి పక్కింటి సుగుణమ్మగారితో తంటా వచ్చిపడింది. లాండ్రీ సబ్బునీళ్లు ఆవిడ పెరట్లోకి పారి మల్లెపాదులు మాడిపోతున్నాయి. "ఇంకొక్కసారి నురగ ఇటొచ్చిందంటే ఓనరుతో చెప్పి కొట్టు ఖాళీ చేయిస్తా నాయనా" అంది, ఎంతో ప్రేమగా.

వడ్లమూడి వైపు ఓ కాలేజీ ల్యాబులో పనిచేసే బావమరిది వినయ్ కుమార్ సంగతి విని ఒక బస్తా యాక్టివేటెడ్ కార్బన్ కొని పంపాడు. అదీ బొగ్గే, కాకపోతే చదువుకున్న బొగ్గు. సబ్బుని తన ఒంటికి అంటించుకుని నీళ్లని వదిలేస్తుంది. గంగాధర్ దాన్ని సబ్బునీళ్ల తొట్టిలో గుమ్మరించాడు. బొగ్గు అడుక్కి చేరి హాయిగా పడుకుంది. నురగ పోలేదు. ఫోన్ చేశాడు.

"కలపాలి బావా, కానీ..."

"కలపాలా! అంతేగా!" ఫోన్ పెట్టేశాడు.

కర్ర పట్టుకుని కలిపాడు చూడండీ, అబ్బో! నురగ తొట్టి దాటింది, గోడ దాటింది, నలిగిన బొగ్గుపొడితో సహా వెళ్లి సుగుణమ్మగారి తెల్లచీర మీద వాలింది. ఆదివారం చర్చికి కట్టుకుందామని ఆరేసిన చీర. గంగాధర్ కొట్టు పోయినట్టే అనుకున్నాడు.

భార్య ప్రసన్నలక్ష్మి తమ్ముడికి తనే ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"నెమ్మదిగా కలపాలక్కా. బొగ్గు అడుక్కి దిగకూడదు, నురగ పైకి లేవకూడదు. గంటసేపు అలా తిప్పుతూనే ఉండాలి."

"మీ బావా? నెమ్మదిగానా?" ప్రసన్నలక్ష్మికి నవ్వాగలేదు.

ఇంతలో సుగుణమ్మగారు మసిచీర భుజాన వేసుకుని, స్పీకర్లో మాటలన్నీ వింటూ రానే వచ్చింది.

"తప్పయిపోయింది పిన్నిగారూ! ఉతికిస్తానండి" అన్నాడు గంగాధర్.

"ఉతుకు. ఆ నీళ్లూ ఈ తొట్టిలోనే పొయ్యి. తర్వాత నేను కీర్తన పాడతా, దానికి తగ్గట్టు తిప్పు." కుర్చీ వేయించుకుని కూర్చుంది.

ఆవిడ కీర్తన ప్రతి అక్షరం దగ్గరా ఆగి కుశలమడిగి గానీ కదలదు. గంగాధర్ చెయ్యి తొందరపడినప్పుడల్లా ఆవిడ మళ్లీ పల్లవికి వెళ్లింది. చచ్చినట్టు తిప్పాడు.

చివరికి నీళ్లు గుడ్డలో వడకట్టి, కొన్ని సీసాలో పోసి కుదిపాడు. అది మాత్రం గబగబానే. నురగ రాలేదు. సుగుణమ్మగారు చెంబు ముంచి తన చేత్తోనే మల్లెపాదులో పోసింది. గంగాధర్‌కి ఏడుపొచ్చినంత పనయింది.

"అయితే పిన్నిగారూ, కొట్టు..."

"ముందు నా మాట విను. రేపటి తొట్టికి చరణాలెక్కువున్న కీర్తన పాడతా. అదయ్యాక..."

గంగాధర్ చివరిదాకా విన్నాడు.