వదినామరదళ్ల లాటిన్

ఆ వీధిలో బ్యూటీ పార్లర్ నడిపేది వదినామరదళ్లిద్దరు. వదినకు కత్తెర మీద ఎంత పట్టుందో, కబుర్ల మీద అంతకు మించి ఉంది. జుట్టుకు రంగులు కలపడంలో మరదలిది తిరిగిన చెయ్యి. వదిన తెచ్చిన కబురుకు మరో రంగు కలపడంలోనూ అంతే.

వాళ్ల కష్టమల్లా అద్దాలతోనే. ముందొక అద్దం, వెనకొకటి, పక్కన ఇంకొకటి. కుర్చీలో కూర్చున్నావిడ తోడికోడలి దగ్గర్నుంచి ఇంటి ఓనరు దాకా అందరి గుట్టూ విప్పుతుంటే, ఆవిడ తల మీదుగా కన్ను గీటుకోవడానికి కూడా వీల్లేదు. ఒకసారి మరదలు మూతి విరిచింది. అది అద్దాలన్నిట్లో ఒకేసారి కనబడింది. ఆవిడ సగం కత్తిరించిన జుట్టుతోనే లేచి చక్కా పోయింది.

"మనకో భాష కావాలి వదినా," అంది మరదలు ఆ సాయంత్రం.

"ఉన్న భాషతోనే ఇన్ని చిక్కులు. మళ్లీ ఇంకోటా?"

"ఎవరికీ రానిది కావాలి."

సరిగ్గా పార్లర్ పైగదిలో రిటైరైన మేష్టారొకాయన సాయంత్రాలు లాటిన్ ఉచితంగా చెబుతుండేవారు. సీసాల మీది పేర్లు అర్థమవుతాయని మందుల షాపాయన వెళ్లేవాడు. పరీక్ష కోసమని ఇద్దరు కాలేజీ అమ్మాయిలు వెళ్లేవారు. ఇంకొకాయన ఇంట్లో ఉండలేక వెళ్లేవాడు. మరదలూ వెళ్లి చేరింది.

"లాటినే ఎందుకమ్మా?" అని మేష్టారు అడిగారు.

"ఎవరికీ రాదు కదండీ, అందుకని," అని ఉన్నమాట చెప్పేసింది. ఆ మాటలో ఆయనకేం గొప్పతనం వినబడిందో గానీ, పొంగిపోయి ముందు బెంచీలో కూర్చోబెట్టారు.

మొదటి పాఠం 'చెప్పడం' అనే క్రియ.

"నర్రో అంటే 'చెబుతున్నాను' అని. ముందు దీని పుట్టుక చూద్దాం," అన్నారు మేష్టారు. "గ్నారుస్ అని ఒక మాట ఉంది. ఎరిగినవాడు అని అర్థం. దాని మొదట్లో ఉన్న 'గ్న', మన జ్ఞానంలో ఉన్న 'జ్ఞ' ఒక కడుపున పుట్టినవే. ఎరిగినవాడు ఎరగనివాడికి ఎరుకపరచడమే నర్రో. వాడగా వాడగా ముందున్న 'గ' రాలిపోయింది."

"మరి ఎరగనివాణ్ణి ఏమంటారండీ?" అన్నాడు మందుల షాపాయన.

"ఇగ్నారుస్. అక్కడ మాత్రం 'గ' చెక్కుచెదరలేదు."

"అంటే చెప్పేవాడు పోగొట్టుకున్నాడు, ఎరగనివాడు జాగ్రత్తగా దాచుకున్నాడు!"

క్లాసంతా నవ్వింది. తరవాత మేష్టారు బల్ల మీద అరచేత్తో తాళం వేస్తూ క్రియారూపాలు వల్లె వేయించారు. నర్రో, నర్రారె, నర్రావీ, నర్రాతుమ్. కింద వదిన నెత్తి మీద ఫ్యాను ఊగింది.

నాలుగు రూపాలు వంటబట్టగానే మరదలు వదినకు నేర్పేసింది. నర్రావిత్ అంటే 'చెప్పింది', కాబట్టి ఈ కథ ఈవిడ ఇదివరకే చెప్పేసింది, పట్టించుకోకు అని. నర్రాబిత్ అంటే 'చెబుతుంది', కాస్త ఓపిక పట్టు, అసలు సంగతి వెనకాల వస్తోంది అని. నర్రా అంటే 'చెప్పు' అని ఆజ్ఞ. ఆవిడ నోరు తెరిచేలా ఏదో ఒకటి అడుగు అన్నమాట.

వదినకు అన్నిటికన్నా నచ్చింది నర్రాతుర్.

"చెప్పబడుతోంది అని అర్థం వదినా."

"ఎవరి చేత?"

"అది అక్కర్లేదు. చెప్పబడుతోంది, అంతే."

"అంటే మన 'అట' అన్నమాట!" వదిన దువ్వెన పక్కన పెట్టి దణ్ణం పెట్టింది. "ఎవరోగానీ, మహానుభావులే ఈ భాష చేసింది."

వినేవాళ్లకు మాత్రం అవేవో షాంపూల పేర్లని చెప్పి నమ్మించారు. ఒకావిడ 'ఆ నర్రాబిత్ నాక్కూడా కాస్త రాయండి' అని పట్టుబట్టింది కూడా.

ఇంతలో ఒక కొత్తావిడ రావడం మొదలుపెట్టింది. పెద్దావిడ, నిటారు మనిషి, నుదుటి మీదుగా జుట్టులో ఒక తెల్లపాయ. ఆవిడ వచ్చేది క్లాసున్న సాయంత్రాలే. వచ్చినప్పుడల్లా కొసలు కత్తిరించమనేది. చివరికి కత్తిరించడానికి కొసలు కూడా మిగల్లేదు. అడిగినదానికల్లా ముక్తసరిగా జవాబిచ్చి, పైన వల్లెవేత మొదలుకాగానే కళ్లు మూసుకునేది.

"నర్రా," అంది వదిన ఒకరోజు క్లాసు మొదలవకముందు, మరదలితో.

మరదలు పాపం తంటాలు పడింది. పిల్లలెందరన్నది, సొంత ఊరేదన్నది, మోకాళ్ల నొప్పులున్నాయా అన్నది. ఏదీ పారలేదు.

"నర్రాబిత్," అని మరదలు పెదవి విరిచింది.

అప్పుడు తెల్లపాయ మేడమ్ అద్దంలో ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. చిన్నగా నవ్వింది.

"పైన చదువు చెప్పే మేష్టారు లేరూ? చిన్నప్పుడు ఆయన సర్కస్‌లో కోతికి గొడుగు పట్టేవారట. మీకు తెలుసా?"

వదిన చేతిలో కత్తెర ఆగిపోయింది. అంతకన్నా ఏం కావాలి వాళ్లకు? ఆవిడ గుమ్మం దాటిందో లేదో ఆ కబురు బయల్దేరింది. బట్టల ఇస్త్రీ కొట్టు దాటేసరికి కోతి ఎలుగుబంటి అయింది. కాలేజీ అమ్మాయిల హాస్టల్ చేరేసరికి మేష్టారు ఉయ్యాల మీంచి ఉయ్యాల మీదికి దూకారు. మందుల షాపాయన ఆ మర్నాటి క్లాసులో చేతులు కట్టుకుని, "అయ్యా, సింహాల బోనులోనే నిద్రపోయేవారటగా! ఆ గోళ్ల గాట్లకు మా దగ్గర మంచి మందుంది," అన్నాడు.

మేష్టారు సుద్దముక్క కింద పెట్టారు. "ఎవరు చెప్పారు?"

ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. చూపులన్నీ వచ్చి వచ్చి ముందు బెంచీ మీద ఆగాయి.

"నర్రాతుర్ అండీ," అంది మరదలు, నేల చూపులు చూస్తూ.

"అమ్మాయ్, నేను నేర్పిన రూపాన్ని నా మీదే ప్రయోగిస్తావా? కర్త కావాలి నాకు. చెప్పిందెవరు?"

"మా పార్లర్‌కి ఒకావిడ వస్తారండీ. తెల్లపాయ ఉంటుంది. సింహాలూ అవీ ఆవిడ అనలేదు. మీరు కోతికి గొడుగు పట్టారని, అంతే అన్నారు."

గొడుగు మాట వినగానే మేష్టారి ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయిపోయింది. "ఆవిడ ఇప్పుడెక్కడుంది?"

"కిందే ఉన్నారు. ఇవాళ రంగు వేయించుకుంటున్నారు."

ఆయన మెట్లు దిగిన వేగం చూసి క్లాసంతా వెనకాలే దిగింది. తెల్లపాయ మేడమ్ తల నిండా రంగు పట్టించుకుని, మెడ చుట్టూ ప్లాస్టిక్ గుడ్డతో కుర్చీలో కూర్చుని ఉంది. లేచి పోదామన్నా ఆ తలతో ఎక్కడికి పోతుంది? మేష్టారు అద్దంలో కనబడ్డారు.

"అక్కా!"

"వచ్చావా? ఒక రోజంతా పట్టిందేమిట్రా? మా వదినామరదళ్లు ఇంకా చురుకనుకున్నాను."

వదిన చేతిలో బ్రష్షు జారి గిన్నెలో పడింది.

సంగతేమిటంటే, అక్కాతమ్ముళ్లిద్దరూ లాటిన్ పంతుళ్లే. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం కలిసి ఒక వాచకం రాశారు. మొదటి పాఠం నర్రో. దాని పుట్టుక ముందు చెప్పాలని అక్క, రూపాలు ముందు చెప్పాలని తమ్ముడు. వాదన తెగకుండానే అక్క ఊరెళ్లింది. తిరిగొచ్చేసరికి పుస్తకం అచ్చయిపోయింది. మొదటి పేజీ నిండా రూపాలే, పుట్టుక ఎక్కడో చివర చిన్న అక్షరాల్లో. అప్పట్నుంచీ మాటల్లేవు.

"వినండమ్మా!" అక్క అద్దంలోంచే సభనుద్దేశించి మొదలుపెట్టింది. "'చెప్పడం' అనే పాఠాన్ని నాకు ఒక్క ముక్క చెప్పకుండా మార్చేశాడు వీడు! లోకంలో ఎక్కడైనా ఉందా ఈ చోద్యం?"

"నువ్వు మాత్రం? నేను సర్కస్‌లో పనిచేశానని వీధి వీధంతా..."

"పట్టలేదూ గొడుగు? బడి ఎగ్గొట్టి పోయి, మధ్యాహ్నమంతా కోతికి గొడుగు పట్టుకుని నిలబడితే, చెవి మెలేసి ఇంటికి లాక్కొచ్చింది నేనే. ఎరిగినదాన్ని కాబట్టే చెప్పాను. సింహాలు నావి కావు."

అందరూ మందుల షాపాయన వైపు చూశారు. ఆయన గోడ మీది ధరల బోర్డు శ్రద్ధగా చదువుకోసాగాడు.

"ఇంతకీ నాతో నేరుగా మాట్లాడొచ్చు కదా," అన్నారు మేష్టారు. గొంతు తగ్గింది.

"వినడానికే వచ్చాను. ఇన్ని సాయంత్రాలు ఈ పైకప్పులోంచి విన్నాను," అక్క గొంతు కూడా మెత్తబడింది. "ముందు గ్నారుస్, ఆ తరవాతే రూపాలు. నా పద్ధతే చెబుతున్నావు కదరా దొంగా!"

మేష్టారి చెవులు ఎర్రబడ్డాయి. "పుట్టుక చెబితే పిల్లలు మరిచిపోవడం లేదు," అని గొణిగారు. "నువ్వే రైటు. నిన్ను అడగాల్సింది."

ఇంట్లో ఉండలేక క్లాసుకొచ్చే ఆయన, మెట్ల మీద నిలబడి ముక్కు చీదుకున్నాడు. అక్క కళ్లు తుడుచుకోబోయి, వేలికి అంటిన రంగు చూసి ఆగిపోయింది.

"అవునుగానీ, మీరిద్దరూ మొన్న ఇక్కడికొచ్చిన కవలలు చెప్పిందే చెబుతుంటే నర్రావిత్ అన్నారు," అంది వదినామరదళ్లతో. "ఇద్దరు చెబితే నర్రావేరుంత్ అనాలి. చాడీ చెప్పినా వ్యాకరణంతో చెప్పండి."

అంటే మొదటి రోజు నుంచీ ఆవిడకు అంతా అర్థమవుతూనే ఉందన్నమాట. వదిన అటు చూడలేక, ఇటు చూస్తే అక్కడా అద్దమే ఉండి, చివరికి సింకు వైపు తిరిగి కొళాయి విప్పింది. మరదలికి మాత్రం నవ్వాగలేదు. ఆమెను చూసి అక్క కూడా పకపకా నవ్వింది, తరవాత అందరూ.

ఈ గొడవలో తల కడగాలన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. కడిగేసరికి, లేత గోధుమ రంగు కావాలని కూర్చున్నావిడ జుట్టు దానిమ్మ గింజల రంగు తేలింది. వదిన తువ్వాలు అందించి రెండడుగులు వెనక్కి వేసింది. మేడమ్ తల అటూ ఇటూ తిప్పి చూసుకుని, "బాగుందే!" అని, తువ్వాలు భుజాన వేసుకుని తమ్ముడి వెనకే మెట్లెక్కింది.

ఇప్పుడు పైన పుట్టుకలు అక్క చెబుతుంది, రూపాలు తమ్ముడు చెబుతారు. మధ్యలో పోట్లాట ఉచితం. వాళ్లు గొంతు పెంచినప్పుడల్లా కింద వదిన డ్రయ్యర్ ఆపేసి, కుర్చీలో ఉన్నావిడ నోటి మీద వేలుంచి, మెడ పైకెత్తి వింటుంది.