అప్ప కొట్టిన దెబ్బ

బాబీ తెడ్డెత్తి కొట్టిన దెబ్బకి గంగులు కుడిచెయ్యి మోచేతి కింద విరిగిపోయింది. ఆ బాబీ ఎవరో కాదు, గంగులు పెళ్ళాం గున్నమ్మకి సొంత తమ్ముడు.

బాబీది మొగపాలెం, గంగులుది సరుగుడుపాలెం. రెండూళ్ళకీ నడుమ ఏరు సముద్రంలో కలుస్తుంది. ఆ ఏటిమొగ దగ్గర రింగువల వేస్తే పిల్లచేప కూడా మిగలదని, అక్కడ ఎవరూ వెయ్యకూడదని రెండూళ్ళ పెద్దలూ కట్టుబాటు చేసుకున్నారు. ఆ ఏడు వేట సరిగ్గా లేక మొగపాలెం వాళ్ళు కట్టుబాటు తప్పారు. పొద్దున్నే బాబీ వాళ్ళు కవ్వళ్ళ చేపల గుంపు చుట్టూ వల దించుతుంటే గంగులు వాళ్ళు బోట్లతో అడ్డం పడ్డారు. మాటలు అట్టేసేపు సాగలేదు. రాళ్ళు లేచాయి, తెడ్లు లేచాయి. గంగులు చెయ్యి విరగ్గానే సరుగుడుపాలెం వాళ్ళకి పూనకం వచ్చినట్టయింది. బాబీతో ఉన్నవాళ్ళు నీళ్ళలోకి దూకి పారిపోయారు. బాబీ ఒక్కడూ దొరికిపోయాడు. బోటుతో సహా వాణ్ణి తమ ఒడ్డుకి లాక్కొచ్చారు.

గున్నమ్మ నరసన్నపేటలో చేపలమ్ముకుని ఆటో దిగేసరికి ఒడ్డంతా జనం. తమ్ముణ్ణి వాడి బోటుకే తాడుతో కట్టేసి కొడుతున్నారు. పెదవి చీలిపోయింది, ఒక కన్ను మూసుకుపోయింది. ఎవరో బోటు మీద డీజిలు పోస్తున్నారు. గంగులు ఇసకలో కూలబడి, విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాడు.

ఆపమని చెప్పమంటూ గున్నమ్మ మొగుడి కాళ్ళమీద పడింది.

"నా సెయ్యి సూడు. ఏ నోటితో సెప్పమంటావు?" అన్నాడు గంగులు.

ఆమె జనంలోకి దూరి బతిమాలింది. తోసేశారు. గంగులు చిన్నాన్న కొడుకు చినబాబు గెడ్డపార పట్టుకొచ్చాడు. ఇక తమ్ముడు బతకడని గున్నమ్మకి తెలిసిపోయింది. కింద పడున్న తెడ్డు అందుకుని చినబాబుకి అడ్డంగా నిలబడింది.

"ఆయన సెయ్యి ఇరిగింది. ఈడి సెయ్యీ ఇరగాల, అంతే గదా? నానే ఇరుస్తాను. తరవాత ఈణ్ణి ఎవులు ముట్టినా ముందు నన్ను సంపాల."

చినబాబు ఆగాడు. అక్క తాడు విప్పడానికి వచ్చిందనుకున్నాడు బాబీ. ఆమె తన చేతిని లాగి బోటు అంచు మీద పెట్టాక అర్థమైంది.

"ఒద్దప్పా," అని అక్కని బతిమాలాడు.

మొదటి దెబ్బకి విరగలేదు. వాడు కేక పెట్టాడు. గున్నమ్మ పళ్ళు బిగబట్టి రెండోది వేసింది. ఈసారి ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. చినబాబు గెడ్డపార ఇసకలో పడేసి పక్కకి తప్పుకున్నాడు.

చేపలకత్తితో తాడు కోసి తమ్ముణ్ణి ఆటోలో కూచోబెట్టింది. ఆ పక్కనే మొగుణ్ణీ కూచోబెట్టింది. ఆటో ఆస్పత్రికి బయల్దేరింది. వెనక బోటు తగలబడిపోయింది.

గంగులు చెయ్యి అతుక్కుంది. బాబీది వంకరగా అతికింది, ఇప్పుడు వల లాగలేడు. అక్కతో మాట్లాడడం మానేశాడు.

కొన్నాళ్ళకి తల్లి అసిరమ్మ వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"నాను ఇరవకపోతే నీకు పీనుగు దక్కును," అంది గున్నమ్మ.

"తెలుసు," అంది అసిరమ్మ. కూతురు అందించిన మంచినీళ్ళు ముట్టుకోకుండా వెళ్ళిపోయింది.